వేడి పలక మీద ఐదు మిల్లీమీటర్లు

(విద్యార్థులు, సైన్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు కలిసిన ఒక సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టుగానే రాసి, అక్కడక్కడా కొద్దిగా కుదించాం.)

అందరికీ నమస్కారం. లైట్లు నేనే తీసేయమన్నాను, కరెంటు పోయిందనుకోకండి. ఈ బల్ల మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న అల్యూమినియం పలక ఉంది. పైన నల్లరంగు వేశాం. అడుగున హీటరు ఉంది. నేను వచ్చేటప్పటికే వేడెక్కుతోంది, ఇప్పుడు 60 డిగ్రీల దగ్గర ఉంది. గదిలో గాలి 30 డిగ్రీలు. ఆ చివర ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం, ఈ చివర తెల్లటి తెర. దీపం వెలుతురు పలక మీదుగా వచ్చి తెర మీద పడుతోంది. అంతే, ఇంకే యంత్రమూ లేదు.

తెర వైపు చూడండి. పలక అంచు నీడకు పైన సన్నటి వెలుగు గీతలు లేస్తున్నాయి కదా. అదిగో, ఒకటి లేచింది, వంకర తిరిగింది, పక్కదానితో కలిసిపోయింది. ఇప్పుడు ఎడమవైపు ఏమీ లేదు. ఆగండి... మళ్లీ లేచింది. గాలి వేడెక్కితే పల్చబడుతుంది. వేడి గాలికీ చల్లగాలికీ మధ్య వెలుతురు కాస్త వంగుతుంది. మీరు చూస్తున్నది ఆ వంకరల నీడ.

ముందు వరసలో ఉన్న బాబూ, ఇలా రా. చేయి పలక మీద పెట్టకు, జానెడు పైన పెట్టు. కదపకు. ఏమనిపిస్తోంది? "వేడి వస్తోంది సార్... ఆగింది... మళ్లీ వస్తోంది." అంతేనా? ఒకేలా వస్తోందా? "లేదు సార్, వచ్చి పోతోంది." సరే, వెళ్లి కూర్చో. ఆ "వచ్చి పోతోంది" అన్న మాట గుర్తు పెట్టుకోండి. ఈరోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

చిన్నప్పుడు బడిలో మనందరం ఒక వాక్యం రాశాం: వేడి గాలి తేలికై పైకి పోతుంది, దాన్నే సంవహనం అంటారు. రెండు మార్కులు. వాక్యంలో తప్పేం లేదు. కానీ ఈ పలకను చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. పలక అంతటా ఒకే వేడి. దాన్ని ఆనుకుని ఉన్న గాలి పొర అంతటా ఒకేలా వేడెక్కింది, ఒకేలా తేలికైంది. పొర మొత్తానికీ పైకి పోవాలని ఉంది. పైన ఉన్న చల్లటి, బరువైన గాలికి మొత్తంగా కిందికి రావాలని ఉంది. ఎవరు ముందు? బస్సు ఆగగానే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే తలుపు దగ్గర ఎదురెదురుగా నిలబడిపోతారు చూడండి, అదే పరిస్థితి. దిగేవాళ్లకు ఒక సందు, ఎక్కేవాళ్లకు ఒక సందు దొరికితే తప్ప కదలరు. గాలి కూడా ఆ సందులు తనే చేసుకోవాలి.

దీన్ని మొదట లెక్కలోకి తెచ్చినాయన ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ, 1916లో. దానికి ముందు ఒక ప్రయోగం కథ ఉంది. 1900లో ఆన్రీ బెనార్ అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త తిమింగలం తల నుంచి తీసే మైనాన్ని కరిగించి, పల్చటి పొరగా పరిచి, కింద నుంచి వేడి చేశాడు. పొర తేనెపట్టులాగా ఆరు మూలల గదులుగా విడిపోయింది. ఎంత అందంగా ఉంటుందంటే, ఇప్పటికీ చాలా పుస్తకాల్లో సంవహనం అధ్యాయం ఆ బొమ్మతోనే మొదలవుతుంది. రేలీ దాన్ని వివరించడానికే కూర్చున్నాడు. తేలే బలం ఒకవైపు, జిగట, ఉష్ణవహనం మరోవైపు పెట్టి సిద్ధాంతం కట్టాడు. చక్కటి సిద్ధాంతం. కాకపోతే నలభై ఏళ్ల తర్వాత, 1956, 1958లలో తేలిందేమిటంటే, బెనార్ చూసిన ఆ ఆరు మూలల గదులకు ముఖ్య కారణం తేలే బలం కాదు, పైన తెరిచి ఉన్న ద్రవం తలతన్యత, అంటే ద్రవం పై తలాన్ని బిగించి లాగే బలం. రేలీ సరైన సిద్ధాంతాన్ని వేరే ప్రయోగానికి రాశాడన్నమాట. (నవ్వులు) అయినా నష్టం లేదు. ఆ సిద్ధాంతం గాలికి బాగా సరిపోయింది.

రేలీ చెప్పిందాన్ని మామూలు మాటల్లో చెబుతాను. ఒక గాలి ముద్ద పైకి బయలుదేరింది. దాన్ని ఆపేవి రెండు. ఒకటి జిగట, పక్క గాలి పట్టి లాగుతుంది. రెండోది వహనం, దారిలోనే దాని వేడి పక్కకు జారిపోతుంది. వేడి పోయాక పైకి పోవడానికి కారణమే పోయింది. ఈ రెండింటినీ తేలే బలం గెలవాలి. ఎంత తేడాతో గెలుస్తుందో చెప్పేదే రేలీ సంఖ్య. కింద పైన గట్టి పలకలు ఉంటే అది 1708 దాటాలి. దాటకపోతే గాలి కదలదు, వేడి ఒక పొర నుంచి ఇంకో పొరకు మెల్లగా పాకుతుంది, అంతే.

గాలికి ఈ సంఖ్య కట్టడం తేలిక. గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 9 కోట్లు తీసుకోండి, దాన్ని డిగ్రీల్లో తేడాతో గుణించండి, తర్వాత మీటర్లలో మందాన్ని మూడుసార్లు గుణించండి. ఆ "మూడుసార్లు" దగ్గరే అంతా ఉంది. సెంటీమీటరు మందం ఉన్న గాలి పొర కదలాలంటే దాదాపు 19 డిగ్రీల తేడా కావాలి. రెండు సెంటీమీటర్లయితే 2.4 డిగ్రీలు చాలు. పది సెంటీమీటర్లకు డిగ్రీలో యాభయ్యో వంతు. మీటరు మందానికి డిగ్రీలో యాభైవేలో వంతు! అంటే మనం మసలే కొలతల్లో కింద వేడి, పైన చల్లదనం పెట్టి గాలిని కదలకుండా ఉంచడం దాదాపు అసాధ్యం. 1708 దగ్గర కదలిక మొదలవుతుంది. అప్పుడది ఇంకా బుద్ధిగా చుట్టలు చుట్టలుగా తిరుగుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ చుట్టలు ఊగుతాయి, తెగుతాయి, కోట్లలోకి వచ్చేసరికి ఏ క్షణం ఏ ముద్ద ఎటు పోతుందో చెప్పలేం. అదే కల్లోల ప్రవాహం, టర్బులెన్స్. మన పలక ఆ మేరలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గాలి ఇంతగా కలబెట్టుకుంటుంటే ఉష్ణోగ్రత ఎక్కడ ఎంత ఉంటుంది? పలక దగ్గర 60, పైన 30, మధ్యలో మెట్లు దిగినట్టు సమానంగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు పరీక్షలో అలాగే గీత గీసి సున్నా తెచ్చుకున్నాను. అలా ఉండదు. కల్లోలం ఉన్నచోట గాలి అంతా కలిసిపోయి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే అవుతుంది. తేడా అంతా వెళ్లి పలకను ఆనుకున్న పల్చటి పొరలో ఇరుక్కుంటుంది. ఎందుకంటే పలకకు తగిలి ఉన్న గాలి కదలలేదు, జిగట పట్టేసి ఉంచుతుంది. అక్కడ వేడికి పాకడం తప్ప వేరే దారి లేదు. మన పలక మీద ఆ పొర మందం లెక్కకడితే సుమారు ఐదు మిల్లీమీటర్లు. 30 డిగ్రీల తేడాలో ఎక్కువ భాగం ఆ ఐదు మిల్లీమీటర్లలోనే.

పెద్ద కొలతలో చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. జర్మనీలో ఇల్మెనావ్ అనే చోట గాలి మీద ఇలాంటి ప్రయోగాలకే ఒక పెద్ద పీపా కట్టారు. 7 మీటర్ల వ్యాసం, 6 మీటర్లు దాటిన ఎత్తు, మనుషులు లోపలికి వెళ్లి పని చేసుకోవచ్చు. కింద వేడి పలక, పైన చల్ల పలక. 40 డిగ్రీల తేడా పెట్టారనుకోండి. కింద ఐదారు మిల్లీమీటర్లలో దాదాపు సగం తేడా తగ్గుతుంది, పైన ఐదారు మిల్లీమీటర్లలో మిగతా సగం. మధ్యలో ఉన్న ఆరు మీటర్ల గాలి వేడి రవాణాకు అడ్డే కాదు. అడ్డంతా ఆ రెండు చివర్ల దగ్గరే.

దీన్నుంచి ఒక చిత్రమైన నిర్ణయానికి వస్తాం. 1954లో ప్రీస్ట్లీ, మాల్కస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరు దారుల్లో దీని దగ్గరికే వచ్చారు. అడ్డంతా పలక పక్కనే ఉంటే, పైకప్పు ఎంత ఎత్తులో ఉందో పలకకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. మూడు మీటర్ల పైన కప్పు ఉన్నా, మూడు వందల మీటర్ల పైన ఉన్నా చదరపు మీటరు నుంచి పోయే వేడి ఒకటే. అలా ఉండాలంటే ఆ పల్చటి పొర తన మందాన్ని తనే సర్దుకోవాలి. ఇందాకటి లెక్కే: మందాన్ని మూడుసార్లు గుణించి తేడాతో గుణిస్తే వచ్చేది మారకూడదు. తేడా 8 రెట్లు పెరిగితే పొర సగానికి పల్చబడుతుంది. వేడి 8 రెట్ల బదులు 16 రెట్లు పోతుంది. తేడా రెండు రెట్లయితే సుమారు రెండున్నర రెట్లు. పొయ్యి మంట పెంచినకొద్దీ నష్టం అంతకు మించి ఎందుకు పెరుగుతుందో ఇంజనీర్లకు ఈ సూత్రంతోనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, ఎందుకంటే దీన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. మన పలక నుంచి గాలి తీసుకుపోయే వేడి సుమారు 160 వాట్లు. నల్లరంగు వేశాం కాబట్టి కిరణాల రూపంలో, వికిరణంగా పోయేది దాదాపు 220 వాట్లు. గాలి కంటే అదే ఎక్కువ! ఇంత హడావుడి చేస్తున్న సంవహనం మార్కుల్లో రెండో స్థానంలో ఉంది. ప్రయోగశాలల్లో పలకను అద్దంలా మెరుగు పెట్టేది, థర్మామీటరును వీలైనంత సన్నగా చేసేది ఈ వికిరణం తెచ్చే తప్పు తగ్గించడానికే.

సన్నటి థర్మామీటరు అన్నాను కదా. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి ప్లాటినం తీగ వాడతారు. ఉష్ణోగ్రత మారితే దాని నిరోధం మారుతుంది. అంత సన్నగా ఉంటేనే గాలి తడబాటును వెంటపడి పట్టుకోగలదు. మామూలు గాజు థర్మామీటరు పెడితే అది సగటు చూపించి ఊరుకుంటుంది, ఇందాక బాబు చేతికి తెలిసిన "వచ్చి పోవడం" దానికి తెలియదు. కేంబ్రిడ్జిలో టౌన్‌సెండ్ 1959లో వేడి పలక పైన గాలిలో ఉష్ణోగ్రత తడబాట్లను కొలిచి ప్రచురించాడు. ఆయనకు కనిపించింది ఇదే. కాసేపు ఉష్ణోగ్రత గబగబా ఎగుడుదిగుడవుతుంది. తర్వాత కాసేపు నిశ్శబ్దం, దాదాపు గీత గీసినట్టు. మళ్లీ అలజడి. వేడి సాఫీగా పోవడం లేదు, విడతలు విడతలుగా పోతోంది.

ఎందుకు విడతలు? 1960ల్లో హోవర్డ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన వివరణ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దాన్ని అరచేతిలో పెట్టి చూపించవచ్చు. పలక మీద చల్లగాలి వచ్చి పడింది అనుకోండి. పలక వేడి దానిలోకి పాకుతుంది. వేడెక్కిన పొర మందం కొద్దికొద్దిగా పెరుగుతుంది. మిల్లీమీటరు, రెండు, మూడు. పల్చగా ఉన్నంతసేపు జిగట దాన్ని కదలనివ్వదు, రేలీ సంఖ్య చిన్నది. పెరిగి పెరిగి ఆ పొరకు సొంతంగా రేలీ సంఖ్య వెయ్యి చుట్టుపక్కలకు వచ్చిందంటే ఇక నిలవదు. తెగి పైకి పోతుంది. ఖాళీ అయిన చోటికి పై నుంచి చల్లగాలి దిగుతుంది. కథ మొదటికి వస్తుంది. మన పలకకు ఆ మందం ఏడు మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది, అంత పెరగడానికి పట్టే కాలం ఒకటి రెండు సెకన్లు. తెర మీద చూసి లెక్కపెట్టుకోండి, దాదాపు అదే వేగం.

అయితే తెగి పోయేదాన్ని బుడగ అనుకుంటే కొంచెం మోసపోతాం. పక్క నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. పై నుంచి చూస్తే వేరు. పలకకు బాగా దగ్గరలో వేడి గాలి ముద్దలుగా లేవదు, పల్చటి నిలువు తెరలుగా లేస్తుంది. పై నుంచి ఆ తెరల అంచులు గీతల్లా కనిపిస్తాయి. ఎండిన చెరువు అడుగున మట్టి పగుళ్లు ఉంటాయి కదా, అలాంటి అల్లిక. కాకపోతే ఈ పగుళ్లు కదులుతూ ఉంటాయి. దగ్గరున్న రెండు గీతలు జరిగి కలిసిపోతాయి, ఖాళీ పెరిగిన చోట కొత్తది పుడుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో తీర్థన్, అరకేరి 1998లో పలక పక్కన జరిగేదాన్ని ఈ తెరల వరసగానే లెక్కకట్టారు. గుండ్రటి ముద్దలు, పుట్టగొడుగు తలలు, ఇవన్నీ ఇంకా పైన, తెరలు చిరిగాక వచ్చేవి.

పైకి పోయేకొద్దీ సగటు ఉష్ణోగ్రత ఎంత త్వరగా చదునవుతుంది అన్నదాని మీద పెద్ద వాదమే నడిచింది. ప్రీస్ట్లీ లెక్క ప్రకారం ఎత్తు రెట్టింపైతే ఉష్ణోగ్రత వాలు, అంటే ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత తగ్గే రేటు, ఐదింట రెండు వంతులకు తగ్గాలి. మాల్కస్ ప్రకారం నాలుగో వంతుకే పడిపోవాలి. టౌన్‌సెండ్ కొలతలు మాల్కస్ వైపు మొగ్గాయి. ఆరుబయట నేల మీద సంగతి వేరు, అక్కడ ఎప్పుడూ ఎంతో కొంత గాలి వీస్తుంది. ఏ ఎత్తు వరకు వీచే గాలిది పైచేయి, ఎక్కడి నుంచి తేలే బలానిది పైచేయి అని చెప్పే కొలతను రష్యన్ శాస్త్రవేత్త ఒబుఖోవ్ 1946లో ఇచ్చాడు. వాతావరణ శాస్త్రంలో దాన్ని ఇప్పటికీ రోజూ వాడతారు.

ఆరుబయట అన్నాం కాబట్టి పలకను వదిలి పైకి వెళ్దాం. మధ్యాహ్నం ఎండకు వేడెక్కిన నేల కూడా వేడి పలకే. కలబెట్టే పొర లోతు మాత్రం కిలోమీటరు, ఒక్కోసారి రెండు. రేలీ సంఖ్య 1 పక్కన 17 సున్నాలు దాటుతుంది. అక్కడ గాలి ఎంత వేగంగా లేస్తుంది? డియర్‌డార్ఫ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1970లో ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. నేల చదరపు మీటరుకు 240 వాట్లు ఇస్తూ, పొర కిలోమీటరు లోతు ఉంటే, వచ్చేది సెకనుకు రెండు మీటర్ల కంటే కొంచెం తక్కువ. ఒక గాలి ముద్ద కింద నుంచి పైకి పోవడానికి తొమ్మిది, పది నిమిషాలు. గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయేది ఈ ముద్దల్లోనే. గ్లైడర్లు నడిపేవాళ్లు వీటిని థర్మల్ అంటారు. గుండ్రంగా తిరగడం సరదాకు కాదు, ముద్ద లోపలే ఉండటానికి. బయటికి జారితే అక్కడ గాలి కిందికి దిగుతూ ఉంటుంది.

ఎండమావి కూడా ఇక్కడి సరుకే. వేడి రోడ్డును ఆనుకుని ఉన్న పల్చటి పొర, పైన చల్లటి గాలి. 20 డిగ్రీల తేడా ఉంటే గాలి వక్రీభవన గుణకంలో, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్యలో, మార్పు లక్షలో రెండు వంతులే. ఇంత చిన్న మార్పుతో వెలుతురు వెనక్కి తిరగాలంటే అది రోడ్డును దాదాపు రాసుకుంటూ రావాలి, డిగ్రీలో మూడో వంతు కోణంలో. అందుకే ఎండమావి ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, దగ్గరికి వెళ్తే వెనక్కి జరుగుతుంది. అది నీళ్లలా అలలాడటం మాత్రం తెరలు లేవడం వల్ల. పొర కదలకుండా ఉంటే ఎండమావి అద్దంలా ఉండేది, నీళ్లలా కాదు. ఖగోళ శాస్త్రవేత్తలకూ ఇదే తలనొప్పి. టెలిస్కోపు అద్దం తన చుట్టూ ఉన్న గాలి కంటే డిగ్రీ వేడిగా ఉన్నా దాని మీద ఇలాంటి తెరలే లేచి నక్షత్రం బొమ్మను చెరిపేస్తాయి. పెద్ద అద్దాలను పగలే చల్లబరిచి ఉంచుతారు.

ఇంకొక్క విషయం చెప్పి ప్రశ్నలకు వస్తాను. పలకకు కప్పు సంగతి తెలియదన్నాను. అది ఎంతవరకు నిజం? 1962లో క్రైక్నన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక అనుమానం లేవదీశాడు. రేలీ సంఖ్య చాలా చాలా పెద్దదైతే పైన తిరిగే పెద్ద సుడుల గాలి పలకను గట్టిగా రాస్తుంది. అప్పుడు ఆ ఐదు మిల్లీమీటర్ల ప్రశాంతమైన పొర కూడా కల్లోలంలో పడుతుంది. అడ్డు తొలగిపోతుంది, వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అది ఎక్కడ మొదలవుతుంది? 2000 సంవత్సరంలో నీమెలా, కె.ఆర్. శ్రీనివాసన్, వారి సహచరులు గడ్డకట్టే చలిలో హీలియం వాయువు వాడి 1 పక్కన 17 సున్నాల దాకా వెళ్లారు. పాత సూత్రానికి దగ్గరగానే వచ్చింది, పెద్ద మార్పు కనిపించలేదు. 2012లో జర్మనీలోని గోటింగెన్ బృందం వేరే వాయువుతో చేసి, 14 సున్నాల దగ్గరే మార్పు కనబడిందన్నారు. ఇవి రెండూ ఒకేసారి సరైనవి ఎలా అవుతాయన్న గొడవ ఇంకా తెగలేదు. నా మట్టుకు నేను మార్పు వచ్చి తీరుతుందనే అనుకుంటాను, కానీ పందెం కాయను.

ప్రశ్నలు అడగండి. వెనక నిలబడ్డ అమ్మాయి, చెప్పమ్మా.

"సార్, రాత్రి నేల చల్లబడుతుంది కదా. అప్పుడు అన్నిటికంటే చల్లగా నేలే ఉండాలి, కాబట్టి ఇదంతా ఆగిపోతుందా?"

మంచి ప్రశ్న. చాలావరకు ఆగిపోతుంది. కింద చల్లటి బరువైన గాలి, పైన తేలికైనది, ఎవరికీ కదలాల్సిన పని లేదు. అయితే 1932లో మన వాతావరణ శాస్త్రవేత్త ఎల్.ఎ. రామదాస్ పుణేలో కొలిచినప్పుడు ఒక వింత బయటపడింది. గాలి లేని, మబ్బు లేని రాత్రి, ఏ మొక్కా లేని నేల మీద, అన్నిటికంటే చల్లటి చోటు నేల కాదు. నేలకు జానెడు, మూరెడు పైన! అంటే ఆ కాస్త మందంలో కింద వేడి, పైన చల్లదనం. ఇందాకటి లెక్క వేస్తే రేలీ సంఖ్య లక్షల్లో వస్తుంది. తిరగబడి కలిసిపోవాలి, కానీ అలాగే నిలబడి ఉంటుంది. థర్మామీటరు తప్పేమో, పక్క నుంచి చల్లగాలి జారి వచ్చిందేమో అన్నారు. తర్వాత వేరే దేశాల్లోనూ అదే కనిపించింది. 1993లో వాసుదేవమూర్తి, జె. శ్రీనివాసన్, రొద్దం నరసింహ దీనికి సిద్ధాంతం రాశారు. అందులో ముఖ్యపాత్ర వికిరణానిదే. గాలి తన వేడిని కిరణాలుగా ఆకాశంలోకి వదిలి నేల కంటే త్వరగా చల్లబడుతుంది. రేలీ లెక్కలో వికిరణానికి చోటు లేదు కదా, అందుకే 1708 ఇక్కడ పనిచేయలేదు.

"మరి వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత ఎక్కడ కొలుస్తారు సార్, నేల దగ్గరా?"

కాదమ్మా. 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, నీడలో, గాలి ఆడే పెట్టెలో. పగటి తెరలకూ రామదాస్ పొరకూ రెండింటికీ పైన. టీవీలో 40 డిగ్రీలు అన్నారంటే అది ఆ ఎత్తులో గాలిది. ఆ సమయానికి కాలి కింద రోడ్డు 60 దాటి ఉండవచ్చు. మధ్యలో ఉన్న తేడాలో ఎక్కువ భాగం మన చెప్పు మందంలోనే ఉంటుంది.

లైట్లు వేయండి. హీటరు కట్టేశాను కానీ పలక ఇంకా వేడిగానే ఉంది, దగ్గరికి వచ్చి చూసేవాళ్లు చేతులు జాగ్రత్త.